పదహారణాల అభిమానం

ఎవరినైనా మన వాడని మెచ్చుకోవలసి వస్తే "పదహారణాల తెలుగువాడు" అంటాం. ఈ దేశంలో అణాకు కాలం చెల్లి అరవై ఏళ్లు దాటింది. 1957 ఏప్రిల్ 1న నయాపైస వచ్చింది. ఆ తరువాత కొన్నాళ్లు రెండూ పక్కపక్కనే చెలామణీ అయి, చివరికి అణా తన దారిన తాను వెళ్లిపోయింది. అయినా మన జాత్యభిమానాన్ని లెక్కగట్టడానికి ఇప్పటికీ ఆ అణాలే కావాలి. "నూరుపైసల తెలుగువాడు" అని ఒక్కసారి పైకి అని చూడండి, ఎవరో బస్సులో చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టుంటుంది. పోనీ ఆ అణా అన్నది అచ్చతెలుగు మాటా అంటే, అదీ కాదు. ఉత్తరాది నుంచి దిగివచ్చింది. అరువు తెచ్చుకున్న మాటతో, చెల్లని నాణెంతో మన అచ్చదనాన్ని నిరూపించుకుంటున్నామన్నమాట. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనక ఇటువంటివి చూసినప్పుడు నాకు నవ్వూ వస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది.

కొలతలకూ అభిమానానికీ ఇంత దగ్గర చుట్టరికం ఎందుకుండాలో నేను ఆలోచించడం మొదలుపెట్టింది మాత్రం మన దేశం సంగతి చూసి కాదు, అమెరికా సంగతి చూసి. మా చెల్లెలు డాలస్ దగ్గర ఉంటున్నది. కొన్నేళ్ల క్రితం దానికి మగపిల్లవాడు పుట్టినప్పుడు, మా ఇంట్లో అందరం ఫోను చుట్టూ చేరాం.

"పిల్లవాడు ఏడు పౌండ్ల ఆరు ఔన్సులండీ, అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు.

మా అమ్మ ఫోను చేత్తో మూసి, "అంటే ఎంతరా?" అని నా వంక చూసింది. నేను కాగితం మీద హెచ్చవేతలు చేసి, మూడు కిలోల మూడువందల నలభై గ్రాముల పైచిలుకు అని తేల్చేలోగా, పక్కన కూచున్న మా పెద్దమ్మ కిలోల మాట విని వేళ్లు మడిచి, "అయితే రెండు వీసెల మీద పదిహేను పలాలున్నాడన్నమాట, బంగారుకొండ!" అన్నది. వీసెకు నలభై పలాలు. ఆవిడ లెక్క దాదాపు సరిపోయింది కూడాను. ఒక్క పిల్లవాడు, మూడు తరాలు, మూడు తూకాలు.

"అంత నాగరిక దేశం గదా, ఇంకా ఆ పౌండ్లేమిటయ్యా?" అని మా అమ్మ అడిగితే, "ఇక్కడింతేనండీ, వీళ్ల కొలతలంటే వీళ్లకు ప్రాణం" అన్నాడు అల్లుడు.

"వీళ్ల కొలతలు" అన్నాడే, అదీ నన్ను పట్టుకున్న మాట. నా వృత్తి నాకు నేర్పిన పాడలవాటొకటుంది: ఏ మాట వినపడినా దాని పుట్టిల్లు ఎక్కడా అని వెతుకుతాను. మైలు అన్నది లాటిన్‌లో వెయ్యి అనే అర్థమిచ్చే మాటనుంచి వచ్చింది. రోమను సైనికుడి వెయ్యి అంగలు అన్నమాట. పౌండు లాటినే. ఇంచి, ఔన్సు రెండూ ఒక్క లాటిన్ తల్లి బిడ్డలు. పన్నెండో వంతు అని వాటి అర్థం. రోమనులు ఇంగ్లండును ఏలి, వదిలి, వెళ్లిపోయి పదహారు శతాబ్దాలైంది. వాళ్లు పారేసిన కొలబద్దను పట్టుకుని ఆంగ్లేయులు ఇది మా తాతలనాటిదన్నారు. ఆ ఆంగ్లేయులతో పోరాడి స్వాతంత్ర్యం తెచ్చుకున్న అమెరికా వారు, పోట్లాడిన వాళ్ల కొలబద్దనే తీసుకుని ఇది మాదన్నారు. తమాషా ఏమిటంటే, కొలతలన్నిటినీ పది పదుల లెక్కన కట్టి, లోకమంతటికీ ఒకటే చెయ్యాలన్న ఆలోచనను 1668లోనే పుస్తకంలో రాసినవాడు జాన్ విల్కిన్స్ అనే ఆంగ్లేయ మతాచార్యుడు. లండను రాయల్ సొసైటీ స్థాపకుల్లో ఒకడు. ఆ ఆలోచన ఫ్రాన్సులో పెరిగి పెద్దదై తిరిగివస్తే, ఇంగ్లండు వారు దాన్ని గుమ్మంలోనే నిలబెట్టి, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు.

ఫ్రాన్సులో మాత్రం అది పూలదండలతో ఊరేగిందనుకోకండి. విప్లవ ప్రభుత్వం 1795లో మీటరు, గ్రాము, లీటరులను చట్టం చేసింది. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటోవంతు మీటరు. భూమి ఏ రాజు సొత్తూ కాదు గనక ఈ కొలత అందరిదీ అని వారి వాదన. గొప్ప వాదనే. డెలాంబర్, మెషేన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు డన్‌కర్క్ నుంచి బార్సిలోనా దాకా ఏళ్ల తరబడి కొండలెక్కీ గుళ్ల గోపురాలెక్కీ కొలిచారు. ఇంతా చేస్తే పారిస్ సంతలో కూరలమ్మి దాన్ని ఒప్పుకోలేదు. పాత పేర్లే, పాత తూకాలే కావాలన్నది. చివరికి 1812లో నెపోలియనంతటివాడు దిగివచ్చి, చిల్లర బేరాలకు పాత పేర్లు వాడుకోవచ్చునని అనుమతి ఇచ్చాడు. యూరపునంతా గడగడలాడించిన మనిషి కూరలమ్మి దగ్గర రాజీపడ్డాడు! 1840 వచ్చేదాకా ఆ దేశంలోనే మీటరు పూర్తిగా నిలదొక్కుకోలేదు. రోజుకు పదే గంటలని వాళ్లు పెట్టిన గడియారం సంగతి చెప్పనే అక్కర్లేదు, రెండేళ్లన్నా చట్టంలో నిలవలేదు.

అందుచేత కొత్త కొలత వద్దనడం జాతి గుణం కాదు, సంత గుణం. చేతికి అలవాటైనదాన్ని చెయ్యి వదలదు. ఇంతవరకు నాకు అందరి మీదా సానుభూతే. అసలు చిక్కు, అలవాటు అనవలసినచోట అభిమానం అన్నప్పుడు మొదలవుతుంది.

అభిమానం ఎంతదూరం పోగలదో చెప్పడానికి స్కాట్లండులో ఒక మహాశయుడున్నాడు, చార్లెస్ పియాజీ స్మిత్ అని. వీధిన పోయే వాడు కాదు, ఆ దేశపు రాజజ్యోతిష్కుడు. అంటే గ్రహగతులు లెక్కగట్టే శాస్త్రజ్ఞుడు, జాతకాలు చూసేవాడు కాదు. 1864లో ఈయన ఈజిప్టు పెద్ద పిరమిడు మీద ఒక పుస్తకం రాశాడు. సారాంశం ఏమంటే, ఆ పిరమిడును కట్టినవారికి కొలతలు చెప్పినవాడు సాక్షాత్తు భగవంతుడు. ఆ కొలత ఇంచుమించు మన ఇంగ్లీషు ఇంచియే, వెంట్రుకవాసి తేడా. కాబట్టి ఇంచి దైవదత్తం, మీటరు నాస్తికుల కల్పన. దీన్ని నమ్మినవాళ్లు తక్కువమంది కాదు. అట్లాంటిక్ దాటి అమెరికాలో 1879లో ఇందుకోసం ఒక సంఘమే పుట్టింది. మీటరును వెక్కిరిస్తూ పాటలు కూడా కట్టుకున్నారు.

తరువాత కథ ఇంకా బాగుంటుంది. ఈయన సిద్ధాంతాన్ని భక్తితో నమ్మిన ఒక ఇంజనీరుగారి కొడుకు ఫ్లిండర్స్ పెట్రీ. 1880లో ఆ కుర్రవాడు మంచి పరికరాలు పట్టుకుని ఈజిప్టు వెళ్లి, అక్కడే ఒక పాత సమాధిలో కాపురం పెట్టి, పిరమిడును ఒళ్లు దాచుకోకుండా కొలిచాడు. దైవదత్తమైన ఇంచి ఎక్కడా దొరకలేదు. ఉన్నది ఉన్నట్టు అచ్చువేశాడు. తరువాత ఈజిప్టు తవ్వకాలలో అంతటి పండితుడు లేడనిపించుకున్నాడు. మనవాళ్లు "అన్నీ వేదాల్లో ఉన్నాయష" అంటే నవ్వుతారు కదా, అటువైపు "అన్నీ పిరమిడులో ఉన్నాయష" అన్నవాళ్లున్నారని తెలిసినప్పుడు నాకు, నిజం చెప్పొద్దూ, కొంచెం ఊరట కలిగింది.

అమెరికా సంగతికి వద్దాం. ఆ దేశపు డాలరుకు నూరు సెంట్లు. 1792లోనే చట్టం చేసుకున్నారు. పది పదుల లెక్క పరాయిదని అప్పుడెవరూ అనలేదు. అంతకు రెండేళ్లు ముందు జెఫర్సన్ తూకాలను, కొలతలను కూడా ఇలాగే చేద్దామని కాంగ్రెసుకు నివేదిక ఇచ్చాడు. అది అలాగే ఉండిపోయింది. 1794లో ఫ్రెంచివారు డోంబే అనే వృక్షశాస్త్రజ్ఞుడి చేతికి రాగితో చేసిన కొత్త ప్రమాణాలు ఇచ్చి, జెఫర్సన్‌కు అందజేయమని ఓడెక్కించారు. ఓడ తుఫానులో దారి తప్పింది. బ్రిటిషు దోపిడి ఓడల చేతికి చిక్కింది. పాపం డోంబే మాంట్సెరాట్ దీవిలో బందీగానే చనిపోయాడు. ఆ రాగికడ్డీ సకాలంలో చేరి ఉంటే ఇవాళ మా మేనల్లుడు కిలోల్లో పుట్టేవాడేమో!

ఇందులో రహస్యం మరొకటుంది. 1875లో మీటరు ఒడంబడిక మీద సంతకం చేసిన పదిహేడు దేశాల్లో అమెరికా ఒకటి. 1890లో వాళ్ల వంతుకు వచ్చిన మీటరుకడ్డీ, కిలోగుండు అధ్యక్షుడి సమక్షంలో వైట్‌హౌసులో విప్పారు. 1893 నుంచి ఆ దేశంలో గజానికీ, పౌండుకూ సొంత ప్రమాణమంటూ లేదు. ఇన్ని మీటర్లు గజం, ఇన్ని కిలోలు పౌండు అని మీటరు చెప్పినట్టే నడుచుకుంటున్నాయి. 1959 నుంచి పౌండంటే సరిగ్గా 0.45359237 కిలో. ఇంగ్లీషు మాట్లాడే దేశాలన్నీ కలిసి ఒప్పుకున్న లెక్క అది. అంటే పేరు మాత్రం అమ్మమ్మది, ఆస్తంతా కిలోది. 1975లో ఫోర్డు అధ్యక్షుడిగా ఉండగా మారదామని చట్టం చేశారు, కానీ ఎవరినీ బలవంతపెట్టం అన్నారు. బలవంతం లేని మార్పు ఎవడు మారతాడు? దాన్ని చూసుకునే బోర్డును 1982లో రీగన్ ఎత్తేశాడు. అరిజోనాలో టక్సన్ నుంచి నొగాలెస్ దాకా ఒక రహదారిలో మాత్రం దూరాలు ఇప్పటికీ కిలోమీటర్లలో చెబుతాయట. ఆనాటి ఉత్సాహానికి గుర్తుగా మిగిలిన రాళ్లు.

అభిమానానికి వెల కట్టవలసి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1999 సెప్టెంబరులో అంగారకుణ్ణి చుట్టవలసిన అమెరికా వ్యోమనౌక ఒకటి ఆ గ్రహపు గాలిలో పడి నాశనమైంది. దాన్ని నడిపే లెక్కల్లో ఒకరు పౌండ్లలో ఇస్తే, మరొకరు అవి మెట్రిక్ లెక్కలే అనుకున్నారు. పన్నెండున్నర కోట్ల డాలర్ల నౌక. 2014లో మన మంగళయాన్ తొలి ప్రయత్నంలోనే అంగారకుణ్ణి చుట్టినప్పుడు మా కళాశాల స్టాఫురూములో ఒకాయన ఈ కథంతా చెప్పి మీసం దువ్వాడు. మనకు మాత్రం అభిమానం తక్కువా?

అయితే మార్పు వద్దనేవాళ్ల చేతిలోనూ ఒక కథ ఉంది, అది దాచడం ధర్మం కాదు. 1983 జూలైలో కెనడాలో ఒక ప్రయాణికుల విమానం ఆకాశంలో ఉండగా ఇంధనం అయిపోయింది. ఆ దేశం అప్పుడే కిలోలకు మారుతున్నది. 22,300 కిలోల నూనె కావలసి ఉండగా, లీటర్లను తూకంలోకి మార్చేచోట పౌండ్ల లెక్క వాడారు. సగానికి తక్కువ నూనెతో విమానం లేచింది. నడిపే ఆయన దాన్ని గద్దలా తేలించుకుంటూ గిమ్లీ అనే ఊళ్లో, మూతపడిన సైనిక విమానాశ్రయంలో దింపాడు. అందరూ బతికారు. పాతదీ ప్రమాదం కాదు, కొత్తదీ ప్రమాదం కాదు. రెండూ ఒకే వంటింట్లో ఉన్న ఆ కొద్దికాలమే ప్రమాదం.

వంటిల్లంటే జ్ఞాపకం వచ్చింది. ఆ పిల్లవాడికి ఏడాది నిండకముందే ఒకనాటి రాత్రి జ్వరం వచ్చింది. 102 అని చెల్లెలు ఫోన్ చేసింది. ఆ లెక్క మా అమ్మకు తెలుసు. ఎండ సెంటిగ్రేడులో చెప్పినా, ఒళ్లు కాలితే మనమింకా ఫారన్‌హీటే. "చెమ్చాడు మందు పట్టెయ్యవే" అన్నది అమ్మ. "ఏ చెమ్చా అమ్మా? వీడి బరువు పౌండ్లలో రాసుంది, మందు మిల్లీలీటర్లలో రాసుంది" అని అది ఏడుపు గొంతుతో అన్నది. చివరికి సీసాతో వచ్చిన పిచికారీ మీద గీతలు చూసి, డాక్టరు చెప్పినన్ని మిల్లీలీటర్లే పట్టింది. తెల్లవారేసరికి జ్వరం దిగింది. చెంచాల లెక్కలో పిల్లలకు మందు ఎక్కువతక్కువలైపోతున్నాయని, మిల్లీలీటర్లే వాడమని 2015లో ఆ దేశపు పిల్లల డాక్టర్ల సంఘమే చెప్పింది. రోడ్డు మీద మైలు పోనివ్వని దేశం, పసివాడి నోటి దగ్గర మిల్లీలీటరుకు తలవంచింది. ఆ రాత్రి మా అమ్మ నిద్రపోలేదు గనక ఈ సంగతి నాకు చరిత్ర పుస్తకాలకన్న బాగా గుర్తు.

ఇంగ్లండులో మాత్రం గొడవ అరటిపళ్ల దగ్గర వచ్చింది. 1871లో మెట్రిక్ బిల్లును పార్లమెంటు అయిదు ఓట్ల తేడాతో తిప్పికొట్టింది. విచిత్రమేమంటే, అదే 1871లో అదే దొరలు మన దేశానికి, సేరు అంటే కిలో అని ఒక చట్టం చేశారు! తమకు పనికిరానిది మనకు పనికొస్తుందనుకున్నారు కాబోలు. అది అమలు కాలేదు లెండి. 1965లో గాని వారు మారతామని ఒప్పుకోలేదు. 2000 నుంచి విడిసరుకు కూడా కిలోల్లోనే అమ్మాలన్నారు. సండర్లండు ఊళ్లో ఒక పళ్ల దుకాణంవాడు పౌండ్ల కాటాతో అరటిపళ్లు అమ్మినందుకు అధికారులు కాటా జప్తు చేశారు; 2001లో కోర్టు తప్పన్నది; పత్రికలు అతన్ని అమరవీరుణ్ణి చేశాయి. అతని పట్టుదలను నేను ఎగతాళి చెయ్యను. తన ముసలి బేరగత్తెలు అడిగిన తూకంలోనే ఇచ్చానన్నాడు. అది వ్యాపారి మర్యాద. కాని జాతి గౌరవమంతా ఆ అరటిగెల మీద వేలాడదీసినవాళ్లను చూస్తే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? అరటిపండు ఇంగ్లండులో పండదు గదా! 2022లో అక్కడి ప్రభుత్వం పాత తూకాలు మళ్లీ తెద్దామా అని ప్రజలను అడిగింది. జవాబిచ్చిన లక్ష మందిలో నూటికి 98 మంది పైగా మెట్రిక్కే ముందుండాలన్నారు. 2023 చివర ఆ ప్రయత్నం విరమించారు. బీరు పింటు, రోడ్డు మీద మైలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

మన దగ్గర అభిమానం సరిగ్గా ఎదురుదారి పట్టింది. మొహెంజొదారోలో దొరికిన రాతిగుండ్లను తూచి చూస్తే, చిన్నవి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని రెట్టిస్తూ పోయాయి. పెద్దవాటిలో పదుల లెక్క వచ్చింది. అంటే అణా లెక్కా మనదే, నయాపైస లెక్కా మనదే అని ఎవరైనా దబాయించవచ్చు. సున్నతో సహా స్థానాల లెక్క ఇక్కడిదే గనక, పదుల కొలతను విదేశీ సరుకని ఇక్కడ తోసెయ్యడం కష్టం. 1956లో చట్టం, 1958 అక్టోబరులో అమలు మొదలు. 1962 కల్లా దేశమంతా కిలో వచ్చింది. దొరలు విడిచిపోయిన పౌండును మనం వదిలేశాం, వాళ్లు పట్టుకున్నారు.

బాధ పడనివాళ్లు లేరని కాదు. అణాకు ఆరుంపావు నయాపైసలు. పావు నయాపైస ఎక్కడిది? అందుకని ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టీ వేశారు. మా నాయనమ్మ అణా సరుకు నాలుగుసార్లు విడివిడిగా కొని, ఒక నయాపైస మిగిల్చేదట. అదే అమ్మేవాడు, "ఒక్కసారే తీసుకోండమ్మా" అని బతిమాలేవాడట. దేశభక్తి అంటే ఏమిటో ఆవిడకు తెలియదుగాని, ప్రభుత్వం లెక్కలో సందు ఎక్కడుందో తెలుసు.

పోయినవి మాత్రం నిజంగానే పోయాయి. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇవి అన్నీ సగాలూ పావులూ. చేతిలో పాత్ర ఉంటే చదువురాని మనిషి కూడా పంచగలడు. తెలుగులో పావుకు కాలు, అందులో సగానికి పరక, అందులో సగానికి వీసం. నిరుడు తరగతిలో "వీసమెత్తు" అన్న మాట వస్తే, వీసమంటే ఏమిటని అడిగాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "వీసా తెలుసు సార్" అన్నాడు. తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ తరువాత నల్లబల్ల మీద పదహారు గళ్లు గీసి, ఒక గడి నింపి చూపించాను. కొందరు రాసుకున్నారు.

కాని ఆ మాటల కోసం పాత కొలతలు తిరిగి రావాలంటే నేను ఒప్పుకోను. ఊరికొక కుంచం ఉండేది. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఒకటి ఉండే పెద్దమనుషులూ ఉండేవారు. ధాన్యం కొలిచి ఇచ్చిన కౌలురైతుకు తన గింజలు ఎంతో తన కళ్లముందే తెలియని రోజులవి. మాటను నిఘంటువులో, పాఠంలో, ముసలమ్మల కబుర్లలో కాపాడుకోవచ్చు, కాటాలో కాపాడనక్కర్లేదు. ఆమడ పోయింది, అయినా గిట్టనివాణ్ణి ఆమడ దూరంలోనే ఉంచుతున్నాం గదా. బారెడు పొద్దెక్కడం మానలేదు. జానెడు పొట్ట సెంటీమీటర్లలోకి దిగలేదు.

ఆ మాటకొస్తే మనమూ పూర్తిగా మారిందెక్కడ? స్థలం కొంటే గజాలు, పొలం కొంటే ఎకరాలు, సెంట్లు, తెలంగాణలో గుంటలు. పెళ్లికొడుకు ఎత్తు అడుగుల్లో. బంగారం తులాల్లో, అదీ 11.66 గ్రాముల పాత తులం కాదు, పది గ్రాములకు కుదించిన తులం. 2019లో కిలోకే లోహపు గుండు అక్కర్లేకుండా ప్రకృతిలోని ఒక స్థిరాంకంతో నిర్వచనం మార్చారు. పారిస్ దగ్గర భద్రంగా ఉన్న అసలు గుండూ, ఢిల్లీలో మన వంతుగా వచ్చిన 57వ నంబరు గుండూ ఇప్పుడు పదవీ విరమణ చేసిన పెద్దల వంటివి. కిలో ఇక ఫ్రెంచిదీ కాదు, ఎవరిదీ కాదు.

ఈ నిర్వచనాల బెడద లేనిది మా వీధిలో పూలు ఒక్కటే. అవి ఇంకా మూరల్లోనే వస్తాయి, మూర అంటే అమ్మే మనిషి మోచెయ్యి. సాయంత్రం ముందుగా వచ్చే ఆవిడ పొట్టి మనిషి. కాస్త ఆలస్యంగా వచ్చే ఆవిడ పొడగరి. ఇద్దరిదీ ధర ఒక్కటే. మా ఇంట్లో మొదటి కేక విని ఎవరూ లేవరు.